ఆరినంక ఎక్కిన నీళ్ళు

ముందుగా మా బడి బల్ల గురించి చెప్పాలి. ఆదిలాబాద్ అడవిలో ఉన్న టేకు చెట్లన్నిటికీ ముత్తాత లాంటి చెట్టును పడగొట్టి ఆ బల్ల చేశారు. దాన్ని మోసుకొచ్చిన ఎడ్లు ఆ తర్వాత జీవితంలో ఇంకే పనీ చేయలేదని, సన్యాసం పుచ్చుకున్నాయని మా ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. ముందు బల్ల పెట్టి దాని చుట్టూ గోడలు కట్టారని కొందరు వాదించేవారు. మరికొందరు గోడలయ్యాక దేవదూతలు కిటికీలోంచి దింపారనేవారు. మా తలుపు వెడల్పు చూసిన నాకు మాత్రం దేవదూతల కథే ఎక్కువ శాస్త్రీయంగా అనిపించేది.

నస్పూర్ పక్కన బొగ్గు గనుల మధ్య మిషన్ వాళ్ళు కట్టించిన రాతి హాలు అది. ఆదివారం గుడి, మిగతా రోజుల్లో బడి. ఆదివారం ఆ బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, రొట్టె, ద్రాక్షరసం పెట్టి అయ్యగారు ప్రభు భోజనం జరిపించేవారు. మా పాస్టరుగారిని పెద్దలూ పిల్లలూ అందరూ అయ్యగారనే పిలిచేవాళ్ళు. ఆయన గిన్నెను రెండు చేతులతో పైకెత్తగానే హాలంతా తలవంచి కళ్ళు మూసుకోవాలి. చివర్లో ఆమెన్ అన్నాక తెరవాలి. సోమవారం పొద్దున గుడ్డ మడతపెట్టి లోపల పెట్టేస్తే అదే బల్ల నా సైన్సు బల్ల అయిపోయేది.

నేను అక్కడ సైన్సు సారును. వేదపాఠం, అంటే బైబిలు పాఠం, సారును కూడా నేనే. ఒకే జీతానికి రెండు సత్యాలు చెప్పేవాణ్ణి. సంఘంలో వాక్యం చెప్పే ఉపదేశి కొడుకును కనుక వేదం నాకు పుట్టుకతో వచ్చేసి ఉంటుందని, పట్నం పోయి ఇంటర్ దాకా చదివాను కనుక సైన్సు నాతోపాటు రైల్లో వచ్చేసి ఉంటుందని బడి కమిటీ నమ్మకం. నిజానికి నేను సైన్సు చదువుకున్నది నైజాం కాలంలో, ఉర్దూలో. తర్వాత హైదరాబాద్ రాష్ట్రం వచ్చింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, పుస్తకాలు తెలుగులోకి వచ్చాయి. గాలికి, నీటికి, నిప్పుకు, ఆఖరికి కప్పకు కూడా కొత్త పేర్లు వచ్చాయి. ఒక్క వాక్యం మాత్రం చెక్కు చెదరలేదు. గిన్నెలోని నీటిలో కొవ్వొత్తి నిలబెట్టి, వెలిగించి, దాని మీద సీసా బోర్లిస్తే, మంట సీసాలోని ప్రాణవాయువును తినేస్తుంది, ఆ ఖాళీలోకి నీరు ఎక్కుతుంది, అది ఐదింట ఒక వంతు ఎక్కుతుంది, కనుక గాలిలో ప్రాణవాయువు ఐదింట ఒక వంతు. రాజ్యాలు కూలినా ఈ ఐదో వంతు కూలలేదు.

మొదటిసారి నేను ఆ బల్ల దగ్గర నిలబడి, ఊరగాయ సీసాను రెండు చేతులతో పైకెత్తిన రోజు జరిగింది ఇప్పటికీ కలలోకి వస్తుంది. క్లాసు క్లాసంతా తలలు వంచి కళ్ళు మూసుకుంది! మా క్రైస్తవ సంఘం పిల్లలంటే సరే. షంటింగ్ ఇంజను నడిపే ముసల్మాను డ్రైవరు కొడుకు మూసుకున్నాడు. పోస్టుమాస్టరుగారి అబ్బాయి, పిలక ఉన్నవాడు, అందరికంటే గట్టిగా మూసుకున్నాడు. అడవి పల్లె నుంచి వచ్చిన గోండు పిల్లలిద్దరు కళ్ళతోపాటు చెవులు కూడా మూసుకున్నారు. ఆ బల్ల మీద ఏదైనా పైకి లేచిందంటే చూడకూడదని వాళ్ళకు ఒకళ్ళ నుంచి ఒకళ్ళకు, గజ్జిలాగా, అంటుకుంది.

"కండ్లు తెరువుండ్రా! గిది ప్రార్థన కాదు, ప్రయోగం!" అని అరిచాను.

ఎవడూ తెరవలేదు. అరుపు కూడా ప్రార్థనలో భాగమే అనుకున్నారు. మా అయ్యగారు కూడా మధ్యమధ్య అరిచేవారు మరి.

చివరకు దిక్కుతోచక "ఆమెన్" అన్నాను. అందరూ టక్కున తెరిచారు. అప్పటికి కొవ్వొత్తి ఆరిపోయింది, నీళ్ళు ఎక్కేశాయి. ఎక్కిన నీళ్ళను చూసి అందరూ సంతోషంగా ఐదింట ఒక వంతు అని రాసుకున్నారు. బల్ల జరపడానికి కాదు కదా, కదిలించడానికే గనిలోని గుర్రాలన్నీ కావాలి. వేరే బల్ల కావాలని కమిటీని అడిగితే, కమిటీ దాని కోసం మోకరించి ప్రార్థించింది. బల్ల రాలేదు. ఇక అలాగే అలవాటైపోయింది. మా బడిలో ప్రయోగం చీకట్లో జరిగేది, ఫలితం వెలుగులో కనబడేది.

మా పెద్ద సారుకు, అంటే హెడ్మాస్టరుకు, ఈ పద్ధతి తెగ నచ్చింది. "ఏం డిసిప్లినయ్యా నీ క్లాసుల! చీమ చిటుక్కుమంటలేదు," అనేవారు.

ఆ క్లాసులో కళ్ళు మూయని పిల్ల ఒకతి ఉండేది. వాళ్ళ నాన్న హుజూరాబాద్ దిక్కు నుంచి పొలం పనులు వదిలి బొగ్గు పనికి వచ్చినవాడు. ఆ పిల్ల కళ్ళు దేవుడు మిగతా ముఖం కొలత తీసుకోకుండా చేసినట్టుండేవి. ఆ కళ్ళకు రెప్పలు చాలక మూతపడవేమోనని నా అనుమానం. ఆదివారం కూడా మూసేది కాదు. ఒకసారి వేదపాఠంలో అడిగాను.

"ప్రార్థనప్పుడు కండ్లు ఎందుకు మూస్తలేవు?"

"మూస్తే ఏమైతుందో ఎట్ల తెలుస్తది సార్? అయ్యగారు గిన్నె ఎత్తంగనే ముందుగాల కిటికీ దిక్కు చూస్తరు. గా టైముకు వాళ్ళ మేక కూరగాయల మడిలకు వస్తది సార్."

నేను నవ్వలేదు. నవ్వితే ఉద్యోగం పోతుంది.

ఆ పిల్లకు ఒకటే కోరిక. మా బడి ఏడో తరగతితో ఆగిపోతుంది. ఆ పైన చదవాలంటే కరీంనగర్ దిక్కున మిషన్ వాళ్ళ ఆడపిల్లల బోర్డింగు బడికి పోవాలి. తిండి, బట్ట, చదువు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. కానీ ఏడాదికి మా బడి నుంచి ఒక్క పిల్లనే తీసుకుంటారు. ఆ పిల్ల సైన్సులో గట్టిదని సర్కారు ఇన్‌స్పెక్టరు చెప్పాలి, నడతలో మంచిదని అయ్యగారు చెప్పాలి. ఆ రెండు మాటలుంటే హైస్కూలు, లేకపోతే ఇంట్లో పొయ్యి. మిషన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ మెడలో గొట్టం వేసుకుని తిరగడం ఆ పిల్ల ఎప్పుడో చూసింది. అప్పటినుంచి ఆ సీటు తప్ప ఆమెకు ఇంకో లోకం లేదు. నా దగ్గరికి వచ్చి, "సార్, సీటు నాకే వస్తది గద సార్?" అని అడగని రోజు ఉండేది కాదు. క్లాసులో మొదటి మార్కులు ఆమెవే. వస్తుందనే చెప్పేవాణ్ణి.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు.

కోస్తా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. ఆయన ఇస్త్రీ మడత మీద చెయ్యి పడితే తెగుతుందన్నట్టుండేది. హేతువాది. దేవుడి మీద ఆయనకున్నంత కోపం సైతానుకు కూడా ఉండదు. హాల్లో అడుగుపెట్టి, గోడ మీది సిలువను చూసి, ఎవరో ఆరేసిన లుంగీని చూసినట్టు మొహం పెట్టారు. తర్వాత బల్ల ముందు నిలబడి పిల్లలకు ఉపన్యాసం ఇచ్చారు.

"కళ్ళు మూసుకుని నమ్మేది మతం. కళ్ళు తెరిచి చూసేది సైన్సు. అర్థమైందా?"

"అర్థమైంది సార్," అన్నారు పిల్లలు ఏకకంఠంతో, ఆదివారం బదులు చెప్పే రాగంలో.

"ఏదీ మాస్టారూ, ఆ కొవ్వొత్తి ప్రయోగం చెయ్యండి."

చేశాను. గిన్నెలో ఎర్ర సిరా కలిపిన నీళ్ళు పోశాను. కొవ్వొత్తి వెలిగించాను. సీసా పైకెత్తాను. పిల్లలందరూ కళ్ళు మూసుకున్నారు. అదృష్టం, ఇన్‌స్పెక్టరుగారు అది చూడలేదు. ఎందుకంటే ఆయన పాఠ్యపుస్తకం తెరిచి, నేను పుస్తకంలో ఉన్న వరసలోనే చేస్తున్నానా లేదా అని వేలితో వాక్యాలు దిద్దుకుంటున్నారు. నేను సీసాను చూడటం లేదు, ఆయన వేలిని చూస్తున్నాను. పెద్ద సారు నా మొహం చూస్తున్నారు. ఇంతమంది ఉన్న ఆ హాల్లో, ఆ ప్రయోగాన్ని చూస్తున్న ప్రాణి ఒక్కటే.

ఆమెన్ అనడానికి లేదు కనుక గట్టిగా దగ్గాను. కళ్ళు తెరుచుకున్నాయి.

"ఏం జరిగింది?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

ముందు వరసలో ఇంకో పిల్ల లేచి ఒక్క ఊపిరిలో అప్పజెప్పింది. "మంట ప్రాణవాయువును గ్రహించినది సార్ ఆ ఖాళీలోనికి నీరు ఐదింట ఒక వంతు ఎక్కినది సార్."

"భేష్! ఇంకెవరైనా?"

నేను వద్దని కళ్ళతో సైగ చేసేలోపే ఆ కళ్ళు మూయని పిల్ల లేచింది.

"సార్, నీళ్ళు ఎక్కినయి గని, దీపం మండేటప్పుడు ఎక్కలే సార్. ఆరినంక ఎక్కినయి."

ఇన్‌స్పెక్టరుగారి వేలు పుస్తకంలో ఆగిపోయింది.

"ముందుగాల సీసా అంచు కాడ బుడగలు బయటికి వచ్చినయి సార్. దీపం గాలిని తింటుంటే గాలి లోపలికి పోవాలె గద? బయటికెందుకు వచ్చింది సార్? తినుకుంట తినుకుంట ఉంటే నీళ్ళు జర జర ఎక్కాలె. గట్ల ఎక్కలే. ఆరినంక ఒక్కసారే గుంజుకున్నయి."

హాలు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, గనిలో నేలకింద పలుగు పడిన చప్పుడు కూడా నాకు వినబడింది.

"పుస్తకంలో బుడగలు ఉన్నాయా?" అన్నారాయన.

"పుస్తకంల లేవు సార్. సీసాల ఉన్నయి."

"పుస్తకం రాసినవాళ్ళు పిచ్చివాళ్ళా?"

"తెల్వది సార్. నేను వాళ్ళను చూడలే."

వెక్కిరింత కాదది. అడిగినదానికి జవాబు. కానీ ఆయన మొహం మా నిర్మల్ బొమ్మల్లో మిరపకాయకు పూసే ఎరుపు రంగుకు తిరిగింది. పెద్ద సారు వైపు తిరిగి, సరిగ్గా ఈ మాట అన్నారు: "ఈ పిల్లకు బొత్తిగా నమ్మకం లేదండీ!" హేతువాది నోట ఆ మాట విన్నప్పుడు గోడ మీది సిలువ కూడా ఒక్కసారి పక్కకు వంగినట్టు నాకనిపించింది. సైన్సుకు ఆ పిల్ల పనికిరాదని అక్కడే తేల్చేశారు. మా బడి గుర్తింపు సంగతి కూడా ఆలోచించాల్సి ఉంటుందని వెళ్తూ వెళ్తూ అన్నారు.

సాయంత్రం అయ్యగారి ఇంటికి పరుగెత్తాను. నాకు ఆయన మీద కొండంత ఆశ. ఎందుకంటే మా అయ్యగారు ఆషామాషీ మనిషి కాదు. దైవశాస్త్రం చదివినవారు. దేవుడు మనిషికి తల ఇచ్చింది టోపీ పెట్టుకోవడానికి కాదని ప్రసంగాల్లో చెప్పేవారు. సిలువ మీద చనిపోయి తిరిగి లేచిన ప్రభువు గాయాలను కళ్ళతో చూసి, వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనన్న శిష్యుడు ఒకడున్నాడు కదా, ఆయన మీద అయ్యగారు ఏడాదికోసారి ప్రసంగం చేసేవారు. దాని పొడవు గోదావరికి అక్కచెల్లెలు. "గా శిష్యున్ని ప్రభువు ఎల్లగొట్టిండా? తిట్టిండా? లేదు. చెయ్యి జాపి, ఇగో చూడు అన్నడు. అడిగినోనికి చూపెట్టుడే దేవుని పద్ధతి!" అనేవారు. ఆ ప్రసంగం విన్న ప్రతిసారీ, ఎలాంటి చదువుకైనా ఇంతకంటే మంచి పునాది ఉండదని నాకనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది. అదే నా బాధ.

జరిగింది చెప్పాను. మేకను కట్టేసి వచ్చి శ్రద్ధగా విన్నారు.

"నిజంగ బుడగలు వచ్చినయా బిడ్డా?"

"నేను చూడలేదయ్యగారూ."

"మరి చూద్దాం. చూడకుంట ఎట్ల మాట్లాడ్తం?"

మర్నాడే కమిటీని పిలిచారు. కమిటీ అంటే ఆయన, పెద్ద సారు, ఇద్దరు సంఘ పెద్దలు. ఆ పిల్లను, వాళ్ళ నాన్ననూ పిలిపించారు. ఆయన పొద్దుటి షిఫ్టు దిగి, ముఖం మీది బొగ్గు సగమే కడుక్కుని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఎవ్వరు గూడ కండ్లు మూయద్దు. గిది ప్రభు భోజనం కాదు," అన్నారు అయ్యగారు. సంఘ పెద్దల్లో ఒకాయన అప్పటికే మూసుకున్నాడు. మోచేత్తో పొడిచి తెరిపించారు.

కొవ్వొత్తి వెలిగించాను. సీసా బోర్లించాను. అంచు దగ్గర బుడగలు బుడబుడమని బయటికి వచ్చాయి. అయ్యగారు ఆ వయసులో చంటిపిల్లాడిలా గంతేశారు. "వచ్చినయి! బుడగలు వచ్చినయి!" మంట సన్నబడింది, నీళ్ళు అంగుళం కదల్లేదు. మంట ఆరింది. అప్పుడు నీళ్ళు సర్రున ఎక్కాయి.

"వేడికి గాలి ఉబ్బి బయటికి పోయినట్టున్నది. సల్లారినంక లోపలి గాలి ముడుసుకుంటే నీళ్ళు ఎక్కినట్టున్నది," అన్నారు అయ్యగారు గడ్డం నిమురుకుంటూ. నేను నిజంగా ఆయన కాళ్ళ మీద పడాలనుకున్నాను. దైవశాస్త్రం చదివిన మనిషి బుడగను చూసి కారణం వెతికాడు. సైన్సు ఇన్‌స్పెక్టరు పుస్తకం చూసి తీర్పు చెప్పాడు. ఆ క్షణంలో మేము గెలిచామనుకున్నాను. ఆ పిల్ల కూడా అనుకుంది. నావైపు చూసి నవ్వింది.

పెద్ద సారు గొంతు సవరించుకున్నారు.

"బుడగలు వచ్చినయి, కాదంటలేను. నా కండ్లతోని చూసిన. గని ఇన్‌స్పెక్టర్ సాబ్ నారాజ్ అయి పోయిండు. రేపు గుర్తింపు తీసేస్తే బడి బందయితది. ఒక్క పోరి బుడగల కోసం అందరి పిల్లలను పరేషాన్ చేస్తమా?"

సంఘ పెద్దలిద్దరూ నేలవైపు చూశారు. అయ్యగారు కిటికీ వైపు చూశారు. మేక లేదక్కడ.

"అయ్యగారూ, ఆ శిష్యుని సంగతి మీరే కదా చెప్పింది. అడిగినవాణ్ణి వెళ్ళగొట్టలేదని," అన్నాను.

 ఆయన కిటికీ మీది నుంచి చూపు తిప్పకుండా నెమ్మదిగా అన్నారు.

"గా శిష్యుడు అడిగినప్పుడు తలుపులు మూసి ఉన్నయి బిడ్డా. లోపల అందరు మనోళ్ళే. ఇన్‌స్పెక్టరు ముందట అడగలే."

వేదంలో తలుపులు మూసి ఉన్నమాట నిజమే. దైవశాస్త్రం చదివితే తలుపు ఎక్కడుందో బాగా గుర్తుంటుంది. ఆ ప్రసంగం ఆయన ఆ తర్వాత కూడా ప్రతి ఏడాదీ చేశారు. తలుపుల సంగతి మాత్రం అందులో ఎప్పుడూ రాలేదు.

చివరికి అయ్యగారే ఒక దారి చెప్పారు. ఇన్‌స్పెక్టరుగారు ఇంకా మంచిర్యాల బంగళాలోనే ఉన్నారు. ఆ పిల్ల పోయి, నేను చూసింది తప్పు సార్ అని ఒక్కమాట అంటే ఆయన చల్లబడతాడు. ఆయన సరేనంటే నడతకు తన మాట తాను ఇస్తారు. సీటు ఆమెదే.

"సత్యం ఏడికి పోదు బిడ్డా," అన్నారు ఆ పిల్ల తలమీద చెయ్యిపెట్టి. "ముందు సదువుకో. పెద్ద డాక్టరమ్మవయినంక గీ బుడగల సంగతి లోకమంత చెప్పు. ఎవరొద్దంటరు?"

తండ్రి తలుపు దగ్గర నుంచే చేతులు జోడించాడు. "చెప్తది అయ్యగారూ. ఎందుకు చెప్పదు? ఏమే, చెప్తవు గద?"

"చెప్త బాపు," అంది. ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. పుస్తకంలో నాయికల్లా సత్యం కోసం ప్రాణమిస్తానని అంటుందేమోనని నేను భయపడ్డాను, కొంచెం ఆశపడ్డాను కూడా. ఆమెకు సీటు కావాలి. అంతే.

ఆ పిల్లా, తండ్రీ, నేనూ ముగ్గురం అప్పటికప్పుడే మంచిర్యాల పోయాం. దారంతా తండ్రి ఆ పిల్లకు ఆ మాట వల్లె వేయించాడు. గుర్రబ్బండి గుర్రానికి కూడా కంఠతా వచ్చి ఉంటుంది. బంగళా వరండాలో ఇన్‌స్పెక్టరుగారు వాలుకుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నారు. ఆ కాఫీ పొడి ఆయన తమ జిల్లా నుంచే తెప్పించుకుంటారని, ఇక్కడి నీళ్ళనే నమ్మరని చెప్పుకునేవారు.

"సార్, నేను చూసింది తప్పు సార్. పుస్తకంల ఉన్నదే నిజం సార్," అంది ఆ పిల్ల, ఒక్క అక్షరం పోకుండా.

ఆయన మొహం వెన్నలా అయిపోయింది. "మంచిది. తప్పు ఒప్పుకోవడమే శాస్త్రీయ దృక్పథం అంటే. చూశారా మాస్టారూ?" తర్వాత తండ్రి వైపు చూసి, "చురుకైన పిల్లేనయ్యా. పైకొస్తుంది," అన్నారు. తండ్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బొగ్గు మరకల మీదుగా రెండు తెల్లటి చారలు దిగాయి.

అక్కడితో లేచి వచ్చేస్తే సరిపోయేది. కానీ ఆయనకు పాఠం చెప్పే దురద పుట్టింది.

"ఏదీ, మరి ఇప్పుడు చెప్పు. మంట ఏం చేసింది?"

"ప్రాణవాయువును గ్రహించినది సార్."

"నీరు ఎంత ఎక్కింది?"

"ఐదింట ఒక వంతు సార్."

"భేష్. ఎప్పుడు ఎక్కింది?"

"ఆరినంక సార్."

ఆ మాట అనేశాక ఆ పిల్లే ఉలిక్కిపడింది. చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. పడిపోయిన గిన్నెను పట్టుకోబోయినట్టుంది ఆ చెయ్యి.

నేను ఏదో చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. కోప్పడలేదు. కప్పు కింద పెట్టి, తోటలోకి చూశారు. తర్వాత నాకు మాత్రమే వినబడేట్టు అన్నారు. "నాకూ కనబడ్డాయయ్యా ఆ బుడగలు. చిన్నప్పుడు. మా మేష్టారు చింతబరికెతో చెప్పాడు అవి లేవని. ఆ తర్వాత ఇన్ని బళ్ళు తనిఖీ చేశాను. మళ్ళీ ఎప్పుడూ కనబడలేదు."

"అయితే సార్..." అన్నాను ఆశగా.

"అయితే ఏముంది? ఆ పిల్ల బోర్డు పరీక్షలో కూడా ఇదే రాస్తుంది. నేను గట్టిదని పంపిన పిల్ల తప్పిందంటే నా మాటకు విలువేముంటుంది?" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు. కాఫీ కప్పులో సగం అలాగే ఉంది. తలుపు తెర ఊగి ఊగి ఆగింది.

గేటు దాటి బయటికి వచ్చాం. గోదావరి వైపు గాలి దుమ్ము రేపుతోంది. బండివాడు మమ్మల్ని చూసి లేచాడు. అప్పుడు తండ్రి కూతురి జబ్బ పట్టుకుని ఊపేశాడు.

"ఒక్క మాటనే! ఒక్క మాట మింగనీకి నీకేమయిందే?"

"మింగిన బాపు," అంది ఆ పిల్ల. "మల్ల అడిగిండు."

ముగ్గురం బండి ఎక్కాం.

సీటు ముందు వరసలో ఒక్క ఊపిరిలో అప్పజెప్పిన పిల్లకు వెళ్ళింది. ఆమె తప్పేం లేదు. మంచి పిల్ల, బాగా చదివి నర్సమ్మ అయిందని విన్నాను. ఇక నా సంగతికొస్తే, కమిటీ ఎంతో దయతో ఉద్యోగం తీసేయలేదు. నా బుద్ధి సైన్సుకు కుదిరేది కాదని, లేనిపోని ప్రశ్నలు పెంచే స్వభావమని తేల్చి, సైన్సుకు వేరే డిగ్రీ మనిషిని తెచ్చి, నన్ను పూర్తిగా వేదపాఠానికి వదిలేశారు. వేదంలో ఎవరైనా ఏమైనా అడగవచ్చు, దానికి ఇన్‌స్పెక్టరు రాడు కదా. లోకంలో సందేహాలు ఉన్నాయన్న నేరానికి సైన్సు నుంచి దైవశాస్త్రానికి బదిలీ అయిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను. ఇది నేను నలుగురిలో చెప్పి నవ్విస్తుంటాను. జనం కడుపుబ్బ నవ్వుతారు. చెప్పేటప్పుడు నోట్లో బొగ్గు నమిలినట్టుంటుందని వాళ్ళకు తెలియదు.

ఆ పిల్ల బడి మానేసింది. కొన్నేళ్ళకు పెళ్ళయింది. తర్వాత గని పైన, తీసిన బొగ్గులోంచి రాళ్ళు ఏరే ఆడవాళ్ళ గుంపులో పనికి కుదిరింది. నల్లటి బొగ్గులో నల్లటి రాయిని పట్టుకోవడం అందరికీ చేతకాదని, అందులో ఆమె చూపుకు ఎదురులేదని మేస్త్రీ మెచ్చుకునేవాడట.

ఒకసారి మంచిర్యాల బస్టాండులో కలిసింది. చంకలో బిడ్డ, చేతిలో సంచి. నన్ను చూడగానే గుర్తుపట్టింది. ఆ కళ్ళు ఎవరినైనా మర్చిపోతాయా? బాగోగులు అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"సార్, ఇంట్ల మూడు కొవ్వొత్తులు పెట్టి చూసిన," అంది. "గదే సీసా, గదే గిన్నె. ఒకటి పెట్టినప్పటికన్న నీళ్ళు మస్తు ఎక్కినయి. గాలిల ఉన్నదే ఐదో వంతయితే, మూడు పెట్టినా గంతే ఎక్కాలె గద సార్?"

"గంతే ఎక్కాలె," అన్నాను.

"ఎక్కువ ఎక్కినయి. రెండు మూడు మాట్ల చూసిన. మా ఆయన కొవ్వొత్తులన్ని ఖరాబ్ చేస్తున్నవని తిట్టిండు." బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది. ఆమె బస్సు వచ్చి ఆగింది. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"గిది ఎవరికి చెప్పాలె సార్?"

నాకు తెలిసిన పెద్దమనుషులందరినీ మనసులో ఒక్కసారి వరసగా నిలబెట్టుకున్నాను. ఒక్కొక్కరి మొహం చూశాను. కండక్టరు రైట్ రైట్ అన్నాడు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని, నా జవాబు కోసం, బస్సు మలుపు తిరిగేదాకా నావైపే చూస్తూ ఉంది.